అరవై చుట్ల ఊపిరి

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇమ్మానుయేలు దిగని బావి లేదు. తన కడవ ముంచనివ్వని బావిలోకే, బిందె పడినా మనిషి పడినా అతన్ని పిలిచేవాళ్లు. దిగే రోజు మెతుకు ముట్టేవాడు కాదు, ఒక్క మాటా ఆడేవాడు కాదు. మిగతా రోజుల్లో ఇంట్లో తిరగలి పక్కన వెల్లకిలా పడుకుని ఊపిరి బిగించేవాడు. భార్య రూతు జొన్నలు విసురుతూ చుట్లు లెక్కపెట్టేది. పెళ్లయిన కొత్తలో నలభై. పందొమ్మిది వందల యాభై ఆరు నాటికి అరవై.

“గింజుకుంటే ఊపిరి అయిపోతాది మే. నాది అనుకున్నదంతా పైన ఇడిసిపెట్టి దిగల్ల. ఆడ గుండె సప్పుడొకటే ఇనపడతాది. నాకు గుడి ఆడే,” అనేవాడు.

“నన్ను గూడా పైనే ఇడిసిపెడతావా?” అని రూతు ఎత్తిపొడిచేది.

ఆ ఏడు కార్తీకంలో రంగయ్య అనే రైతు తెల్లారి ఎద్దులతో నీళ్లు తోడే కపిలె కట్టబోయి, కాలు జారి తన దిగుడుబావిలోనే పడిపోయాడు. మధ్యాహ్నం దాటినా శవం తేలలేదు. తమ్ముడు లక్ష్మీనారాయణ పాతాళగరిగె తెప్పించాడు. ఆ ఇనుప కొక్కేలు చూసి రంగయ్య భార్య యశోదమ్మ అడ్డం నిలబడింది.

“బిందెను గీకినట్టు నా మొగుణ్ణి గీకుతారా? ఇమ్మానుయేలును పిలవండప్పా!”

ఇమ్మానుయేలు నడుముకు తాడు కట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుని దిగాడు. రెండు మునకలకూ అడుగున ఏమీ దొరకలేదు. మూడోసారి పడమటి గోడ వైపు వేలు చూపించి మునిగాడు. అక్కడ నీళ్లలో బండ కింద పెద్ద తొర్ర ఉంది.

తాడు కొస మెట్ల మీద కూర్చున్న రూతు చేతిలో ఉంది. కింది నుంచి రెండు గుంజులు వచ్చేదాకా లాగకూడదు. ఆమె కుడిచెయ్యి ఒళ్లో తిరగలి తిప్పుతున్నట్టే తిరుగుతోంది. నలభై. యాభై. నాలుగు బుడగలు లేచి ఆగిపోయాయి. అరవై.

లక్ష్మీనారాయణ తాడు మీద చెయ్యేశాడు. “లాగండ్రా! వాడేమన్నా చేపా?”

“ముట్టుకోవద్దు సామీ!” రూతు తాడును పొట్టకేసి అదుముకుంది. “బండ కింద ఉండాడు, తల పగుల్తాది. వాళ్ల నాయన్ని సంజామల బావిలో సొంత అన్నే భయపడి లాగి సంపినాడు.”

“సచ్చిపోతాండాడే! నీది గుండెకాయా, గుండ్రాయా?”

ఆమె లెక్క ఆపలేదు. భయంతో చెయ్యి గబగబా తిరిగిందేమో, లెక్క ముందుకు పోయిందేమో. లేదా తన మొగుణ్ణి తనే చంపుకుంటోందేమో. అరవై ఏడు. అరవై తొమ్మిది.

తాడు రెండుసార్లు గుంజుకుంది.

అందరూ కలిసి లాగారు. బరువుగా వచ్చింది. ముందు తెల్ల పంచె, తర్వాత మొహం తేలాయి. రంగయ్య. తాడు అతని చంకల కింద కట్టి ఉంది.

ఇమ్మానుయేలు తన తాడు విప్పి శవానికి కట్టాడు. అతనికిప్పుడు తాడు లేదు.

మగవాళ్లు శవాన్ని మెట్ల మీదికి ఎత్తుతున్నారు. రూతు నడుంలోతు నీళ్లలోకి దిగింది. లెక్క ఎక్కడ తెగిపోయిందో ఆమెకు తెలియలేదు. వెనక నుంచి ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు. యశోదమ్మ. ఏనాడూ వీళ్ల వాడ మనిషిని తాకనిది, భర్త శవం పక్కనే ఉన్నా అటు చూడకుండా, రూతుతో పాటు నీళ్లనే చూస్తూ నిలబడింది.

నీళ్లు పగిలి తల లేచింది. కొలిమితిత్తిలా ఊపిరి కూసింది. ముక్కు నుంచి నెత్తురు కారుతోంది.

రూతు అతని జుట్టు పట్టి ఒడ్డుకు ఈడ్చింది. “ఎవర్నడిగి ఇప్పినావు తాడు? ఎవర్నడిగి?”

యశోదమ్మ అప్పుడు ఆమె మోచెయ్యి వదిలి, తన మొగుడి దగ్గరికి మెట్లెక్కింది.