సారు చూపిన బోరు పాయింటు

మా సోషల్ సారు పోయారు. తుర్కపల్లి ల్యాబులో నైట్ షిఫ్టు దిగినవాళ్ళను క్యాబులో ఎక్కించుకుంటుంటే సారు వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "తెల్లారుజామున పోయారండీ, నిద్రలోనే" అంది. బండిలో నలుగురున్నారు. వాళ్ళను సూరారంలో, గాజులరామారంలో దింపి, మధ్యాహ్నం షిఫ్టువాళ్ళను మళ్ళీ తుర్కపల్లి చేర్చి మేడ్చల్‌లో సారు ఇంటికి వెళ్ళేసరికి దహనానికి తీసుకెళ్ళిపోయారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఏం చెయ్యను? బండీ నాది కాదు, టైమూ నాది కాదు.

సారుది గోదావరి పక్క. మేడ్చల్‌లో అద్దెకుంటూ శామీర్‌పేట దగ్గర మా ఊరి బడికి బస్సులో వచ్చేవారు. "ఏవిట్రా, అల్లా నిలబడిపోయావు?" అంటే వెనక బెంచీ మొత్తం కిసకిసలాడేది. ఆయనా నవ్వేసి, "మీ మాట నాకు నేర్పండి, నా పాఠం మీరు నేర్చుకోండి" అనేవారు. ఏళ్ళు గడిచినా మా మాట ఆయనకు రాలేదు. పాఠం మాత్రం మాకు వచ్చింది.

రాష్ట్రం పాఠం మొదలుపెట్టిన రోజు పుస్తకాలు మూసెయ్యమనేవారు. బడి ముందు మైదానంలో ముగ్గుపిండితో ఇరవై మూడు జిల్లాలూ గీసేవారు. ఒక్కో జిల్లాలో ఒక్కొక్కరిని నిలబెట్టి, అక్కడ పండేదాన్ని చేతిలో పెట్టేవారు. గుంటూరుకు ఎండుమిర్చి, నిజామాబాదుకు పసుపు కొమ్ము, అనంతపురానికి పల్లికాయ. శ్రీకాకుళంలో నిలబడ్డవాడు జీడిపప్పు నోట్లో వేసుకుని "కరువొచ్చింది సార్" అనేవాడు. నేను రంగారెడ్డిలో, మా ద్రాక్షతోటలో కోసిన అంగూరు గుత్తితో. సారు జిల్లా జిల్లా తిరుగుతూ, "మ్యాపులో నీలం గీత ఉందని నీళ్ళున్నట్టు కాదర్రా. ఆ గీత పక్కన బతికేవాడిని అడగాలి" అనేవారు. ఇప్పటికీ నా క్యాబు ఎక్కినవాళ్ళను మీదే జిల్లా, అక్కడేం పండుతుంది అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను, అది సారు పెట్టిన అలవాటు.

ఆ రోజుల్లో మా దిక్కు ఎటు చూసినా అంగూరు పందిళ్ళే. తర్వాత బోర్లు ఒకటొకటే ఎండిపోవడం మొదలైంది. మా నాయిన రెండు కొత్త బోర్లు వేయించాడు. రెండు పాయింట్లూ అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన చూపించినవే, రెండింట్లోనూ నీళ్ళు లేవు, దుమ్మే. ఆ మనిషే మూడోసారి వచ్చి తోట మూల ఒక చోట ఆగాడు, కాయ నిలువుగా లేచింది. కొబ్బరికాయల సంచీ మోసింది నేనే, ఆ చోటు చూసింది నాయినా నేనూ. కానీ ఇంటికొచ్చి చెప్తే అమ్మ ఎదురుతిరిగింది. "ఇగ వాని మాట మీద ఒక్క ఫీటు గూడ తవ్వనియ్య. తవ్వితే నన్ను గూడ అండ్లనే బొందవెట్టు" అంది.

అప్పుడు నాయినకు సారు గుర్తొచ్చారు. రాష్ట్రాన్నంతా నేలమీద గీసే మనిషికి నేల కింద ఏముందో తెలియకుండా ఉంటుందా? ఊళ్ళో అందరిదీ అదే నమ్మకం. మోపెడ్ మీద ఎక్కించుకుని తోటకు తెచ్చాడు. సారు మొత్తుకున్నారు. "అయ్యా, నాకు తెలిసింది పాఠమే. పాతాళం సంగతి నాకేం తెలుసు?"

"గట్లనకున్రి సార్. రాష్ట్రమంత ఎరికున్నోళ్ళకు నా తోట ఎరికుండదా? జర గీడికి వచ్చి నిలవడున్రి" అని నాయిన ఆయన్ని చెయ్యి పట్టి తీసుకెళ్ళి, సరిగ్గా కొబ్బరికాయ లేచిన చోటే నిలబెట్టాడు. "గిక్కడ ఎట్లుంటదంటరు?"

సారు నాయిన మొహం చూశారు. ఆ మొహం చూసి ఎవరూ కాదనలేరు. "ఏమోనయ్యా... ఇక్కడ కాస్త పల్లంగా అయితే ఉంది" అన్నారు. అంతే. ఇంటికొచ్చి నాయిన అమ్మతో "సారే జూపిండు" అన్నాడు. అమ్మ సరేనంది.

బోరు బండి వచ్చిన రోజు సారు బడి వదలగానే పరుగున వచ్చారు. చీకటి పడేదాకా తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంది. నాయిన గట్టు మీద కూలబడ్డాడు. సారు ఆ దుమ్ములోనే నిలబడి "నా నోరు పడిపోను, ఎందుకన్నాను ఆ మాట" అని తనను తానే తిట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా తోట ఎండింది, అమ్మేశాం, ప్లాట్ల రాళ్ళు లేచాయి. ఎవరు అడిగినా నాయిన ఒకటే మాట: "సారు జూపిన జాగల దుమ్ము లేసింది." నేను పక్కనే ఉండేవాణ్ణి, నోరు విప్పేవాణ్ణి కాదు. పదో తరగతి చదివేవాణ్ణి, నాయిన తోలు తీస్తాడని భయం. ఆ తర్వాత సారు ఇంక ముగ్గుతో రాష్ట్రం గీయలేదని నా వెనక చదివిన పిల్లలు చెప్పారు.

సారు రిటైరై మేడ్చల్‌లోనే కొత్త కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య వెళ్ళి కూర్చునేవాణ్ణి. టీ చేతికిస్తూ, నా వైపు చూడకుండా, "మీ నాన్నగారు ఎల్లా ఉన్నారు?" అని అడిగేవారు. ప్రతిసారీ నిజం నాలుక చివరిదాకా వచ్చేది. నాయిన బతికుండగా ఎట్లా చెప్పను అనుకున్నాను. నాయిన పోయాక, చచ్చినవాడి మీద చాడీ చెప్పినట్టుంటుందని ఊరుకున్నాను. చెప్పకూడదనుకునేవాడికి సాకులకేం తక్కువ!

పోయిన నెల, సారు మనుషుల్ని గుర్తుపట్టడం లేదని తెలిసి పరుగెత్తాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. "సార్, ఆ పాయింటు మీరు జూపింది గాదు. కొబ్బరికాయాయన జూపిండు. మా నాయిననే మిమ్ముల తీస్కపోయి ఆడ నిలవెట్టిండు. గిన్నేండ్ల సంది నాకెరికె సార్, జెప్పలే." నాకు ఏడుపు ఆగలేదు. పరీక్షలో జవాబు చెప్తున్న పిల్లాణ్ణి విన్నట్టు సారు తల ఊపుతూ విన్నారు. అయిపోయాక వంగి, మెల్లగా అడిగారు.

"ఇంతకీ నీళ్ళు పడ్డాయా?"

పద్దెనిమిదేళ్ళ నిజం ఆయన చెవిదాకా వెళ్ళి వెనక్కొచ్చింది. "పడ్డయి సార్. మస్తు పడ్డయి" అన్నాను.

"ఎన్ని అంగుళాలు?"

"రెండున్నర సార్."

ఆ మొహం అట్లా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. "అయితే పద, చూసొద్దాం" అని మంచం దిగి, కింద చెప్పులు వెతుక్కున్నారు. తీసుకెళ్ళడానికి తోట లేదు. సారు ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, నేనెప్పుడు బయల్దేరతానా అని నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు.