తలుపవతల మా కాక గొంతు

అన్నం ముట్టుకుని చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేదు. నమ్మకపోతే మా అక్కను అడగండి... బాన్సువాడలో మా ఇంట్లోనే ఉంది.

అక్కకు పెద్దపేగు క్యాన్సర్. హైదరాబాద్‌లో ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు అది. "ఒక్కోసారి సొంత పేగుల మీదే తిరగబడుతుంది. విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఫోన్ చేయండి" అని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

ఆ రోజు పొద్దున్నే అవి పట్టుకున్నాయి. ఫోన్ తీశానో లేదో, బీర్కూర్ నుంచి మా కాక దిగాడు. నాన్న తమ్ముడు. ఎవరికి జబ్బు చేసినా వెళ్లి, కడుపునిండా తిని, వైద్యం చెప్పి వచ్చే రకం. చదివింది లేదు, చేసింది లేదు. మీసం మాత్రం ఉంది.

"ఏంది గా ఫోను? విషం బయటికి పోతుందిరా, పోనియ్! గా దవాఖానోళ్లకేం తెల్సు?" అన్నాడు, చారు మళ్లీ పోయించుకుంటూ.

అక్కకు ఓపిక లేదు. "రేపు పొద్దుగాల ఫోన్ చేద్దాం తియ్ తమ్మీ" అంది. కాక సాయంత్రం బస్సెక్కాడు. పీడ వదిలిందనుకున్నాను.

రాత్రి... గొళ్లెం చప్పుడు. టక్... టక్...

"అరేయ్... అక్కను లేపు. దవాఖానకు తీస్కపో."

కాక గొంతే. అదే బొంగురు. మాట చివర అదే దగ్గు. మళ్లీ తగలడ్డాడా అని తిట్టుకుంటూ తలుపు తీశాను.

ఎవరూ లేరు.

వీధి దీపం కింద కుక్కలు ముడుచుకుని పడుకున్నాయి. ఒక్కటీ తల ఎత్తలేదు. గాలి లేదు... గొళ్లెం మాత్రం ఊగుతోంది.

"లేపురా..."

ఈసారి నా వెనక నుంచి. ఇంట్లోంచి.

ఎలా పరుగెత్తానో తెలియదు. అక్క మంచం ఖాళీ. బాత్రూంలో... నేల మీద పడి ఉంది. కింద నెత్తురు. చేయి చల్లగా...

ఆటోలో ఊళ్లోని దవాఖానకు తీసుకెళ్లాను. హైదరాబాద్ డాక్టరమ్మ ఫోన్లో చెబుతుంటే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మందు పేగుల మీద తిరగబడిందట. తెల్లారేదాకా ఆగి ఉంటే దక్కేది కాదన్నారు. అక్క కోలుకుంది. తర్వాత స్కాన్ చేస్తే గడ్డ కూడా చిన్నదైంది.

కాకకు ఫోన్ చేసి అడిగాను.

"నేనా? తిని పండుకున్న. అంత రాత్రి బీర్కూర్ నుంచి ఎట్లొస్తరా? అయినా... దవాఖానకు పొమ్మని నేనెందుకంట?"

నిజమే. పుట్టి బుద్ధెరిగాక ఆ నోటి నుంచి ఒక్క మంచి మాట వచ్చింది లేదు. వచ్చింది కాక కాదు, అది ఖాయం.

మరి ఎవరు? అక్కను బతికించాలనుకున్నది ఏదైనా గానీ... ఊళ్లో ఇంతమంది ఉండగా ఆ దరిద్రపు గొంతే దొరికిందా?

కాక ఇప్పటికీ వస్తుంటాడు, తినడానికి. తలుపు కొట్టి పిలిస్తే వెంటనే తీయను. ముందు కిటికీలోంచి చూస్తాను... అక్కడ మనిషి ఉన్నాడా లేడా అని.