మధ్య గీతకు పైన ఆరు చుక్కలు

మేస్త్రితో కొండ మాట్లాడేదని మొన్న ఆయన్ని సాగనంపి వస్తూ మీలో ఎవరో అన్నారు. తప్పు. కొండలు మాట్లాడవు. ఆయన దగ్గర ఉన్నవి రెండు మేకులు, ఒక స్టీలు స్కేలు, మా మనవరాలు వదిలేసిన గ్రాఫు పుస్తకం. గురువారం పొద్దున్న ఆయన పోయాడని కబురొచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ స్కేలే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఘాట్ రోడ్డు గ్యాంగులో మేస్త్రీగా చేసి రిటైరైన మనిషి. మీ ఊరి మీది గట్టులో పగులు కనబడితే, దానికి అటొకటి ఇటొకటి మేకు దిగ్గొట్టి, ప్రతి సోమవారం మధ్య దూరం కొలిచేవాడు. ఆ అంకెలు పట్టుకుని మా వరండాకి వచ్చాడు. ముప్పై ఏళ్ళు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి, వినేవాళ్ళు లేక కూర్చున్నదాన్ని. దొరికాడు.

పగులు వారానికి ఎంత పెరిగిందో ఒక చుక్క పెట్టమన్నాను. ఏడాది చుక్కలయ్యాక సగటు దగ్గర ఒక గీత, పైన ఒకటి, కింద ఒకటి గీసిచ్చాను. చుక్కలు మధ్య గీతకు అటూ ఇటూ ఊగుతుంటే మామూలే. పై గీత దాటినా, ఏడు చుక్కలు వరసగా మధ్య గీతకు పైనే పడినా గట్టులో ఏదో మారినట్టు.

"మా ముసల్దీ అంతే పంతులమ్మా. రోజూ అరుస్తాది, మామూలే. వారం దినాలు వరసగా పెద్దగా అరిసిందంటే, నానేదో సేసుంటాను," అన్నాడు. నా విద్యార్థుల్లో ఇంత బాగా అప్పజెప్పినవాళ్ళు లేరు.

ఆ వానాకాలం ఆరు చుక్కలు వరసగా మధ్య గీతకు పైన పడ్డాయి. ఏదీ పై గీతను తాకలేదు.

"ఆరైపోనాయి. ఇంట్లోవోల్ని కిందికి దింపీమంటారా?"

"తొందరేమిటి మేస్త్రీ? ఏడోది రానీ. ఆరు ఒక్కోసారి ఉత్తినే పడతాయి."

"సదూకున్నోరు, మీకు తెల్దేటి," అని తలగుడ్డ చుట్టుకుని ఎక్కిపోయాడు.

శనివారం గట్టు జారింది. ఆయన కాఫీ తోటలో ఉన్నాడు. వాళ్ళావిడ ఇంట్లో పొయ్యి దగ్గర ఉంది. ఏడో సోమవారం కొలుద్దామన్నా మేకుల్లేవు.

లెక్క ప్రకారం నేను చెప్పింది తప్పు కాదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకుని చూశాను. పనిచెయ్యలేదు.

దినాలయ్యాక వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన గట్టుకు కొత్త మేకులు కొట్టాడట.

"గీతలు మల్లీ గీయాల. ఏడనేది పుస్తకానికి. మా గట్టుకి నాలుగు సాలు పంతులమ్మా."

"నాలుగంటే చాలాసార్లు అనవసరంగా దిగాల్సొస్తుంది."

"దిగుతాం. మల్లీ ఎక్కుతాం. కాళ్ళున్నాయి కదేటి."

అలా రెండుసార్లు మీరంతా పిల్లల్నీ మేకల్నీ తోలుకుని బడి వరండాలోకి దిగారు. ఏమీ కాలేదు. ఆయన్ని తిట్టుకుంటూ ఎక్కారు. నేను నొచ్చుకుంటే ఆయన నవ్వాడు. "తిట్టీవోలు ఉన్నారు గదా పంతులమ్మా, అదే సాలు."

ఇప్పుడు పుస్తకం నా దగ్గరే ఉంది. చివరి మూడు చుక్కలు మధ్య గీతకు పైనే ఉన్నాయి. మూడోది చెయ్యి వణికి కాస్త తోక లాగింది. దాని పక్క గడి ఖాళీ. అది ఆయన లేని సోమవారం.

నా మోకాళ్ళు ఆ మెట్ట ఎక్కవు. ఈ సోమవారం పొద్దున్నే ఒకరు వచ్చి మా వరండా గోడకు వేలాడుతున్న స్కేలూ, ఈ పుస్తకమూ తీసుకెళ్ళండి. మేకుల తలల మధ్య కాదు, మొదళ్ళ మధ్య కొలవండి. పుస్తకంలోని చివరి కొలత అందులోంచి తీసేస్తే వచ్చేది రెండు వారాల పెరుగుదల కాబట్టి సగం చెయ్యండి. చుక్క పెన్సిలుతో పెట్టండి. అది మధ్య గీతకు పైన పడితే నన్ను అడగడానికి కూర్చోకండి. చాపలు చుట్టుకుని బేగి దిగిపోండి.