మూడో గడిలో రెండు బర్రెలు

పోచారం చెరువు నిండి అలుగు పారిన ఏడాది, వరి కోతలయ్యాక నన్ను నాగిరెడ్డిపేట దిక్కు ఒక ఊరికి పదిహేను రోజుల డ్యూటీకి పంపారు. మాది మాచారెడ్డి. మా ఆయన పోయాక మహిళా సంఘాల్లో సీఆర్పీగా చేరాను. అంటే వేరే ఊళ్ళకు పోయి సంఘాలు నిలబెట్టే ఆడమనిషి. నాకు సంతకం తప్ప రాయడం రాదు. రాసే పని నా జోడీ సుజాతది. ఈ మాటలు కూడా నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తున్నది.

ఆ ఊళ్ళో మొదటి పని నిరుపేదల లిస్టు. ఊరి నడుమ ముగ్గుతో ఇండ్లన్నీ గీసి, ఏ ఇంటికి ఏముందో ఊరి ఆడవాళ్ళ చేతనే చెప్పించాలి. లిస్టుకెక్కినవాళ్ళకే మొదటి లోను. ఫారంలో మూడో గడి మీద ఇంగ్లీషులో 'అసెట్స్' అని ఉండేది. ట్రైనింగులో సారు చెప్పింది ఇప్పటికీ యాదికుంది: అవసరానికి అమ్ముకోగలిగిందల్లా అసెట్. భూమి, బర్రె, బంగారం, కుట్టు మిషను. మంచిపేరు, ఒంట్లో సత్తువ ఆ గడిలోకి రావు.

ఒక ముసలవ్వ, "నా కోడలే నా అసెట్, రాయి" అన్నది.

"అమ్ముతవా మరి?" అన్నది పక్కామె. అందరూ నవ్వారు.

శాయవ్వ వంతు వచ్చింది. మొగుడు పోయి మూడేండ్లు, బీడీలు చేసి బతుకుతుంది. వాకిట్లో రెండు పాడి బర్రెలు. "దానికేం తక్కువ? రెండు బర్లు!" అన్నారు. ఆమె కొంగు సర్దుకుందే గాని కాదనలేదు. రెండు బర్రెలు అని రాయించాను. ఆమె పేరు లిస్టుకెక్కలేదు.

డ్యూటీలో మేం రోజుకొక ఇంట్లో తింటాం. మరునాడు మా అన్నం వంతు ఆమె ఇంట్లో. పొద్దున్నే పాలు పిండటం కళ్ళారా చూశాను. మాకు మాత్రం నల్ల చాయ్ వచ్చింది. పాలేవని అడిగాను.

"పటేల్ ఇంటికి పోతయక్కా. బర్లు ఆయనయే. మేపుడు నాది, ఈనితే దూడలల్ల సగం నాది."

వాటాకు మేపడం మా దిక్కూ ఉన్నదే. నేనే అడగలేదు.

"నిన్న నోరు తెరిస్తే ఏమాయె?"

"బర్ల శాయవ్వ అంటరు నన్ను. గా పేరున్నదనే పిలిచి పక్కన కూసోవెడుతుండ్రు. నలుగుర్ల కాదంటె, మొగడు పోయినప్పటి లెక్క మల్ల మూలకే."

గడి మార్చాలంటే అందరి ముందు చెప్పాలి, చాటుగా దిద్దకూడదు. అది రూలు. సాయంత్రం మళ్ళీ అందరినీ కూర్చోబెట్టాను. శాయవ్వ ఒక్కదాన్నే కాకుండా ముగ్గు కొస నుంచి ప్రతి ఇంటినీ అడిగాను, ఉన్నది ఎవరిదని. ముందు నా చెవులే చూపించాను.

"ఈ కమ్మలు మా అక్కయి. ఊరికి పోతున్నని పెట్టుకొచ్చిన."

ఇద్దరు, తమ మేకల్లో సగం తమవి కావన్నారు. తన వంతుకు శాయవ్వ లేచింది. "నా వాకిట్ల ఉన్నయి, నావి గావు."

"ఇగ బర్లు లేని శాయవ్వ!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"దూడలల్ల సగం నాదే, నువ్వేడ్వకు" అన్నది.

సుజాత ఫారంలో 'రెండు బర్రెలు' అన్న మాట మీద గీత కొట్టి, 'దూడల్లో సగం' అని రాసింది. శాయవ్వ పేరు లిస్టుకెక్కింది.

తప్పు ఆమెది కాదు, సరిగా అడగని నాది. పని మానేదాకా ఆ గడి దగ్గర ఎంతుందని తర్వాత అడిగాను, ఎవరిదని ముందు అడిగాను. వీలైన చోట, గడి నింపకముందే ఆ ఇంట్లో చాయ్ తాగాను.