ఎస్కార్ట్ లేదు మేడం

జైలు లోపల మనుషులను ఎట్ల చూస్తున్నరో కనిపెట్టనీకి సర్కారు కొంతమంది బయటోళ్లను పెడ్తది. నర్సుగ రిటైరై శంషాబాద్‌ల ఇంటి పట్టున ఉన్న నన్ను గూడ గట్లనే ఒక జైల్ల ఆడోళ్ల బారక్‌కు పెట్టిండ్రు. ఎయిర్‌పోర్టు కొత్తగ తెరిచిన రోజులవి. చర్చిల మావోళ్లు "ఈ వయసుల జైలుకు పోతవా అక్కా?" అని ఒకటే నవ్వుడు. పోత, ఎందుకు పోను?

పోయినప్పుడల్లా ఒకటే తతంగం. ఫలానా రోజు రమ్మని జైలోళ్లే ఫోన్ చేసేటోళ్లు. నేను పోయేసరికి గచ్చు కడిగి, ముగ్గు పెట్టించి, నాకు శాలువా కప్పేటోళ్లు. చాయ్, బిస్కట్లు. అటెన్క ఆడోళ్లందరిని వరుసగ నిలబెట్టేటోళ్లు. సూపరింటెండెంటు సారు నా పక్కనే ఉంటడు. నేను "అంత మంచిగుందా?" అని అడగాలె, వాళ్లు "మంచిగుందమ్మా" అనాలె. సారు చూస్తుండంగ మంచిగ లేదని ఎవతి అంటది? అందుకే అడుగుడే బంద్ చేసిన. వరుస పొడుగునా మెల్లగ నడుచుకుంట ఒక్కొక్కరిని చూసుడు మొదలుపెట్టిన.

ఒకనాడు వెనుక వరుసల ఒకామె కుడికాలును చీర కుచ్చిళ్ల కింద దాస్తున్నది. దగ్గరికి పోంగనే వాసనొచ్చింది. ఆ వాసన నాకు కొత్తదా? షుగర్ పుండు.

"కాలు చూపెట్టు బిడ్డా" అన్న.

"పెద్దదానివి, నీకు కాలెట్ల చూపెట్టాలమ్మా?" అని సిగ్గుతోని ఇంకింత దాచింది. ఇగ నేనే కింద కూసోని చీర జరిపిన. రెండు వేళ్లు నల్లగైనయి. ఇంకొన్ని రోజులు గిట్లనే ఉంటె పాదమే తీసెయ్యాల్సొస్తది.

పహాడీ షరీఫ్ దిక్కు ఊరు ఆమెది, కూలికి పోయేది. ఏదో పొలం కొట్లాటల ఆమె పేరు గూడ రాసిండ్రు. కేసు ఇంక కోర్టులనే ఉన్నది. తప్పు చేసిందో లేదో కోర్టు చెప్తది గానీ, కాలు తియ్యమని ఏ జడ్జీ చెప్పలే గద.

"మీ డాక్టరు పెద్ద దవాఖానకు రాసిచ్చిండంట, ఎందుకు పంపలే?" అని సారును అడిగిన.

"ఎస్కార్ట్ లేదు మేడం. పోలీసులు వెంట లేకుండా ఖైదీని బయటికి పంపలేమండీ. వాళ్లంతా బందోబస్తులో ఉన్నారు."

ఇంటికి పోతుంటె నా బస్సు రాజేంద్రనగర్ దాటినంక ఆగిపోయింది. ఎవరో పెద్దమనిషి విమానమెక్కనీకి పోతున్నడంట. కిటికీల నుంచి చూస్తే రోడ్డు పొడుగునా పోలీసోళ్లు, మిట్టమధ్యాహ్నం ఎండల, అడుగడుక్కు ఒకరు. నా ఒళ్లు భగ్గుమన్నది. ఏసీ కారుల పోయేటాయనకు ఇంతమంది కావాలె, కాలు కుళ్లిపోయే ఆడామెకు ఇద్దరు దొరకరా? ఎస్కార్ట్ లేదంట, ఎస్కార్ట్! థూ!

తెల్లారి ఎవ్వరికి చెప్పకుంట జైలుకు పోయిన. ఇన్నాళ్లు కప్పిన శాలువాలన్ని సంచిల పెట్టుకపోయి సారు టేబుల్ మీద కుమ్మరించిన.

"ఇవి మీరే కప్పుకోండ్రి. ఆమెను దవాఖానకు పంపుండ్రి" అన్న.

"చెప్పకుండా వస్తే ఎలాగండీ?"

"చెప్పకుంట రావాలనే నన్ను పెట్టింది. పెండ్లిచూపులకొచ్చిననా ముందుగాల కబురు పెట్టనీకి? ఆమె బండెక్కేదాంక ఈ కుర్చీల నుంచి లేవ."

"ఇలా కూర్చుంటే నేను పోలీసులను పిలవాల్సి వస్తుంది మేడం."

"పిలువుండ్రి సారు, జల్ది పిలువుండ్రి! నన్ను లేపనీకి వస్తరు గద, వాళ్లతోనే ఆమెను దవాఖానకు పంపుదం."

ఆయన మొఖం చూడాలె అప్పుడు! నన్ను మింగేటట్టు చూసి ఫోను తీసిండు. ఒకటెనుక ఒకటి ఫోన్లు. చాయ్ వచ్చింది, నేను ముట్టలే. నడుము గుంజుతున్నది, అయినా లేవలే. పగటీలి అన్నం యాళ్ల దాటినంక ఇద్దరు ఆడ కానిస్టేబుళ్లొచ్చిండ్రు, సీదా ఎయిర్‌పోర్టు రోడ్డు మీదికెల్లి. మొఖాలు ఎండకు కమిలిపోయినయి. "ఈ డ్యూటీనే నయమమ్మా, జర కూసోనీకన్న ఉంటది" అన్నది ఒక పిల్ల. ఆమెను ఎక్కించుకోని బండి కదిలినంకనే నేను లేచిన.

నా గడువు అయిపోయినంక మళ్ల నన్ను పెట్టలే. ఎందుకో నాకెరుకే. పెట్టకపోతే పెట్టకపాయె, గేటు కాడ నా కాళ్లు కట్టేసిండ్రా? ములాఖత్ రోజు అందరి చుట్టాలతోని లైన్ల నిలబడ్డ. "ఏమైతవు ఆమెకు?" అని అడిగితే "పెద్దమ్మనైత" అన్న.

ఆమె ఇనుప జాలి అవతలికి వచ్చింది. నడకల జర కుంటుడున్నది. నన్ను చూడంగనే జాలి పట్టుకోని, కుచ్చిళ్లు పైకి గుంజి కుడికాలు లేపి చూపెట్టింది. రెండు వేళ్లు లేవు. పాదం ఉన్నది.

"ఏయ్, కాలు దించు!" అని వెనుక నుంచి వార్డరమ్మ ఒర్రింది.

ఆమె దించలే.