పులిసిపోయిన తొట్టి

ముంచింగిపుట్టు దగ్గర కాఫీ పండ్ల తొక్క తీసే యూనిట్లో నాది పూర్తి ఉద్యోగం. డిగ్రీ కూడా, పొద్దుటి పనికీ సాయంత్రం పనికీ మధ్య రోజూ కాలేజీకెళ్ళి చదివేదే. రెండూ నెట్టుకొస్తున్నానని నాకు మహా పొగరు.

తొక్క తీసిన గింజల్ని రాత్రంతా తొట్టిలో నానబెట్టి, తెల్లారగానే జిగురు పోయేలా కడగాలి. ఆ పని నాది. పరీక్ష రోజు కడగకుండా, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కేశాను. సాయంత్రం వచ్చేసరికి తొట్టంతా పులిసి కంపు కొడుతోంది.

సూపర్‌వైజర్ కేకలేశాడు. అప్పుడే కొండ దిగి పండ్లు తెచ్చిన ముసలమ్మ గుమ్మంలో ఉంది. ముందురోజు ఆమె తెచ్చినవీ ఆ తొట్టిలోనే ఉన్నాయి.

"ఈమె పండ్లు రోజుల తరబడి బస్తాలో మగ్గబెట్టి తెచ్చింది సార్, అందుకే పులిసింది" అన్నాను. తడుముకోను కూడా లేదు.

అందరి ముందూ ఆమెకు చీవాట్లు పడ్డాయి. ఆమె నా వైపు చూసి, "నేను అప్పుడే కోసి తెచ్చాననుకున్నాను. సదువుకున్న గుంటవి, నీకు తెలీదేటి? నాదే తప్పయ్యుంటాది" అంది.

పరీక్ష పాసయ్యాను. సిగ్గులేనిదాన్ని, ఆమెకూ స్వీటిచ్చాను.

ఆ సీజనంతా ఆమె బస్తా దించగానే మూతి విప్పి, ముందు నన్నే వాసన చూడమనేది. నేను వంగి చూసి, "బాగున్నాయి" అనేదాన్ని. ఆమె మొహం తేటపడేది.