బాలప్ప గట్టిగా తొక్కిన రోజు

గుమ్మఘట్టలో బాలప్ప బాడుగకారు తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లలో దాని వేగం ఎన్నడూ నలభై దాటలేదు. అందుకే పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు ముహూర్తాన్ని ఆయనకు గంట ముందుకు జరిపి చెప్పేవాళ్లు.

ఈ వేసవిలో ఆ కారు నీలిపొగ కక్కడం మొదలుపెట్టింది. రాయదుర్గం మెకానిక్ యేసన్న ఇంజను దించి, సిలిండర్లకు బోరు చేయించి, కొత్త పిస్టన్ రింగులు వేశాడు. తాళంచెవి ఇస్తూ ఒక మాట చెప్పాడు.

"అన్నా, దీన్ని ముద్దు చేయొద్దు. ఎత్తు కనపడితే ఎక్సలేటరు గట్టిగా తొక్కల్ల. దిగేటప్పుడు కాలు తీసేసి గేరులోనే వదలల్ల. అప్పుడే రింగులు బోరుకు ఒరుసుకోని కూర్చుంటాయి. మెల్లగ తోలితే ఆయిలు తాగతానే ఉంటాది."

"బాలింతను పరిగెత్తించినట్ల ఉండాది గదప్పా."

"బాలింత కాదన్నా, కోడెదూడ. ఇప్పుడే బరువు అలవాటు చేయల్ల."

మూడు రోజులు బాలప్ప తొక్కలేదు. తొక్కుతున్నానని ఫోనులో మాత్రం యేసన్నకు చెప్పాడు.

నాలుగోరోజు పొద్దున భార్య నారాయణమ్మను కణేకల్లులో ఆమె చెల్లెలింటికి తీసుకుపోతున్నాడు. ఊరు దాటగానే గుట్ట ఎక్కుడు వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి పొగ చూసింది.

"తొక్కమన్నాడంట గదా యేసన్న. ఏమి, కాలు నొప్పా?"

"లోపల అన్నీ కొత్త సామాన్లు. నలుగుతాయే."

"నలగల్లనే చెప్పినాడంట. తొక్కు. లేదంటే దిగు, నేనే తొక్కతా."

బాలప్ప పళ్లు బిగించి తొక్కాడు. ఇంజను గొంతు పెంచి గుట్ట ఎక్కింది. అవతల కాలు తీయగానే గుర్రుమంటూ నిదానించింది. స్పీడు ముల్లు డెబ్బై తాకి వచ్చింది. బాలప్పకు చెమటలు పట్టాయి. నారాయణమ్మ మాత్రం చెదిరిన కొంగు సర్దుకుని, "ఇంగోసారి" అంది.

మధ్యాహ్నం దాకా ఆ గుట్టను పదిసార్లు ఎక్కి దిగారు. చెల్లెలింటికి పోవాలన్న సంగతే ఇద్దరికీ గుర్తులేదు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం. గుట్ట పక్కన గొర్రెలు మేపుతున్న ఎర్రప్ప ఊరంతా చెప్పేశాడు: బాలప్ప కారు అంత జోరుగా పోయిందంటే నారాయణమ్మకు ప్రాణం మీదికొచ్చినట్టేనని. పక్కింటి భద్రమ్మ అప్పటికే చెంబుతో రాగిగంజి తెచ్చి నిలబడింది.

"ఏ ఆస్పత్రిలో చూపించినారప్పా?" అంది ఆమె.

"రింగులు..." అని మొదలుపెట్టాడు బాలప్ప. నారాయణమ్మ దర్జాగా కారు దిగి గంజి అందుకుని తాగింది.

వారం తర్వాత యేసన్న ఆయిలు పుల్ల తీసి చూశాడు. మట్టం తగ్గలేదు, పొగ ఆనవాలు లేదు.

"బాగా తొక్కినట్లుండావే అన్నా."

బాలప్ప బానెట్టు తుడుస్తూ, "మీ వదిన తొక్కించినాదిలే" అన్నాడు.